ఆ ఫొటో కింద పేరు ఉండాల్సింది

సంపాదకులకు నమస్కారం.

ఆగస్టు 19న ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవానికి మీరు వేసిన ప్రత్యేక పేజీ చూశాను. కుడివైపు కింద ఒక ఫొటో ఉంది. ఇరుకు గది. గోడవారగా చెక్కలతో కట్టిన పడకల మీద కొందరు, కింద నేల మీద మరికొందరు. మంచి నిద్రలో ఉండగా ఎవరో తట్టి లేపినట్టున్న మొహాలు. దాని కింద మీరు రాసింది ఒకే ఒక్క లైను: 'పాత న్యూయార్క్‌లో పేదల జీవితం – ఫైల్ ఫొటో'. తీసిందెవరో లేదు. ఎక్కడ తీశారో, ఎప్పుడు తీశారో లేదు. ఈ ఉత్తరం ఆ ఒక్క లైను గురించే.

నేను 31 ఏళ్లు పత్రికా ఫొటోగ్రాఫర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మీ పేపర్ రోజూ ఫోన్‌లో చదువుతాను. ఆ ఆదివారం పొద్దున ఆ పేజీ తెరిచి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఎందుకంటే ఆ ఫొటో నాకు బాగా తెలుసు. ఆ ఫొటో తీసిన మనిషి కాపురం ఉన్నది కూడా ఈ క్వీన్స్‌లోనే, రిచ్‌మండ్ హిల్ పేటలో. మేమున్న చోటు నుంచి పెద్ద దూరమేమీ కాదు.

అతని పేరు జేకబ్ రీస్. డెన్మార్క్ నుంచి వలస వచ్చినవాడు. మీరు వేసిన ఫొటో 1889 నాటిది, మన్‌హటన్‌లోని బయార్డ్ స్ట్రీట్‌లో ఒక అద్దె కొంపలో తీసింది. దానికి రీస్ పెట్టుకున్న పేరు 'చోటుకు ఐదు సెంట్లు'. రాత్రికి ఐదు సెంట్లిస్తే ఆ గదిలో ఒళ్లు వాల్చుకునేంత జాగా దొరికేది. ఎటు కొలిచినా 13 అడుగులు లేని ఆ గదిలో ఆ రాత్రి ఆడా మగా కలిసి 12 మంది పడుకుని ఉన్నారని అతనే రాశాడు. అప్పటికి అర్ధరాత్రి దాటి కాసేపే అయింది. ఇంకా రావాల్సినవాళ్లకు దారి కనపడాలని కాబోలు, ఒక కిరసనాయిలు దీపం సన్నగా వెలుగుతోంది. పక్క గదిలోంచి పసిబిడ్డ ఏడుపు వినిపిస్తోంది.

ఫొటోలో ఆ ఏడుపు ఉండదు కదండీ. అది వినపడేది పక్కన రాసిన మాటల్లోనే. ఆ మాటలు తీసేస్తే చూసేవాడికి అదొక పాతకాలపు బీద గది, అంతే.

మా అమ్మాయి కంప్యూటర్‌లో మ్యూజియం ఆఫ్ ద సిటీ ఆఫ్ న్యూయార్క్ వాళ్లు పెట్టిన డిజిటల్ ప్రతి తెరిచి, ఎంత పెద్దది చేయొచ్చో అంతా చేసి చూశాను. పేపర్లో అరచేతి సైజులో వేస్తే కనపడనివి అందులో కనపడతాయి. మూటలు, గోడకు వేలాడే బట్టలు, విడిచిన బూట్లు. ఒకతను కళ్లు తెరవబోయి వెలుగు తట్టుకోలేక మళ్లీ మూసుకోబోతున్నాడు. నేల మీదున్నవాడు దుప్పట్లోంచి ఇంకా మొహం బయట పెట్టలేదు. డార్క్‌రూమ్‌లో ఏళ్లు గడిపినవాణ్ని కాబట్టి చెబుతున్నాను, ఆ వెలుగు ఏ కోణంలో నుంచి పడిందో, కెమెరా ఎంత దగ్గరగా ఉందో చూస్తే తెలిసిపోతుంది. తీసినవాడు గుమ్మంలో నిలబడి ఉంటాడు. లోపల అడుగు పెట్టడానికి జాగా లేదు.

జేకబ్ రీస్ 1849లో డెన్మార్క్‌లోని రీబె అనే పాత ఊళ్లో పుట్టాడు. తండ్రి బడిపంతులు. ఇంటి నిండా పిల్లలు. ఇతను వడ్రంగం నేర్చుకున్నాడు. అదే ఊళ్లో ఎలిజబెత్ అనే అమ్మాయిని ప్రేమించాడు, ఆమె కాదంది. 1870లో, 21 ఏళ్ల వయసులో ఓడెక్కి న్యూయార్క్‌లో దిగాడు. స్నేహితులు పోగుచేసి ఇచ్చిన 40 డాలర్లు, ఆ అమ్మాయి తలవెంట్రుకలు దాచుకున్న చిన్న బంగారు లాకెట్ వెంట తెచ్చుకున్నాడు. అమెరికా అంటే అడవి అనుకున్నాడేమో, దిగగానే ఉన్న డబ్బులో సగం పెట్టి రివాల్వర్ కొన్నాడు. పాపం, ఊరుగాని ఊళ్లో దిగినవాడి బెదురు అది. నేను కూడా మొదటిసారి ఇక్కడ విమానం దిగినప్పుడు పాస్‌పోర్టున్న జేబు మీద నుంచి చెయ్యి తీయలేదు.

తర్వాత కొన్నేళ్లు పని కోసం ఊళ్లు పట్టి తిరిగాడు. వడ్రంగం, గని పని, కూలి పని, ఇస్త్రీ పెట్టెలు అమ్మడం, ఏది దొరికితే అది. ఆ మొదటి ఏడాదే ఒక వానరాత్రి న్యూయార్క్‌లో తల దాచుకోవడానికి చోటు లేక చర్చ్ స్ట్రీట్ పోలీస్ స్టేషన్‌కు వెళ్లాడు. ఆ రోజుల్లో ఇల్లూ వాకిలీ లేనివాళ్లు రాత్రికి పడుకోవడానికి స్టేషన్లలో ఒక గది ఉండేది. వీధిలో ఒక చిన్న కుక్క అతని వెంట పడింది. కుక్కను లోపలికి రానీయలేదు. అది మెట్ల దగ్గరే వానలో కూర్చుంది. తెల్లారేసరికి మెడలో లాకెట్ లేదు. దొంగతనం జరిగిందని చెబితే, నీలాంటివాడికి బంగారం ఎక్కడిదని డ్యూటీలో ఉన్న సార్జెంటు ఇతన్నే దొంగన్నాడు. బయటికి గెంటించాడు. గెంటుతున్న మనిషి కాలు పట్టుకుంది ఆ కుక్క. ఆ మనిషి దాన్ని కాళ్లు పట్టి ఎత్తి మెట్లకేసి కొట్టి చంపేశాడు.

ఆ కుక్క సంగతి అతను ముసలివాడయ్యేదాకా మర్చిపోలేదు. తన జీవితకథలో వివరంగా రాసుకున్నాడు. ఎందుకు చెబుతున్నానంటే, ఆ తర్వాత పాతికేళ్లకు, ఇతను పేరున్న విలేకరి అయ్యాక, న్యూయార్క్ పోలీస్ బోర్డు అధ్యక్షుడిగా థియోడర్ రూజ్‌వెల్ట్ వచ్చాడు. తర్వాత దేశాధ్యక్షుడైన రూజ్‌వెల్టే. ఒక రాత్రి రెండు గంటలకు రీస్ అతన్ని అదే చర్చ్ స్ట్రీట్ స్టేషన్‌కు తీసుకెళ్లి, అదే గది చూపించి, కుక్క కథ చెప్పాడు. 1896లో రూజ్‌వెల్ట్ ఆ పోలీస్ బసలన్నీ మూయించాడు.

మధ్యలో ఏం జరిగిందో తొందరగా చెబుతాను. 1876లో ఎలిజబెత్‌నే పెళ్లి చేసుకున్నాడు, రీబె వెళ్లి మరీ. 1877లో ట్రిబ్యూన్ పత్రికలో పోలీస్ రిపోర్టరయ్యాడు. మల్బరీ స్ట్రీట్‌లో పోలీస్ ప్రధాన కార్యాలయం ఎదురుగా ఆఫీసు, రాత్రి డ్యూటీ. చావులు, కొట్లాటలు, అగ్నిప్రమాదాలు. తెల్లవారుజామున ఇంటికి పోతూ మల్బరీ వంపులోంచి, అంటే అదే వీధి మలుపు తిరిగే చోట ఉన్న మురికివాడలోంచి, నడిచేవాడు. అక్కడ చూసింది పేపర్లో ఎంత రాసినా ఎవరూ కదల్లేదు. మాటల్లో చెబితే నమ్మరు, కళ్లకు చూపించాలి. కానీ ఆ గదులన్నీ చీకటి. అప్పటి కెమెరాలకు చీకట్లో పని లేదు.

1887లో ఒక పొద్దున ఇంట్లో పేపర్ చదువుతుంటే నాలుగు లైన్ల చిన్న వార్త కనపడింది. జర్మనీలో ఎవరో మెగ్నీషియం పొడి మండించి చీకట్లో కూడా ఫొటో తీసే పద్ధతి కనిపెట్టారని. నాలుగే లైన్లు! సంపాదకవర్గం దయచేసి గమనించాలి, ఏ మూలన వేసిన ఏ చిన్న వార్త ఎవరి చేతిలో ఏమవుతుందో ఎవరికీ తెలియదు. ఆరోగ్య శాఖలో పనిచేసే నేగల్ అనే డాక్టరు ఇతనికి స్నేహితుడు, ఫొటోల సరదా ఉన్నవాడు. అతని ద్వారా పిఫార్డ్, లారెన్స్ అని మరో ఇద్దరు ఔత్సాహికులు కలిశారు. అందరూ కలిసి రాత్రిళ్లు బయల్దేరేవారు.

మొదట్లో ఆ పొడిని పిస్తోలులో కూరి పేల్చేవారు. అర్ధరాత్రి తలుపు తోసుకుని పిస్తోలుతో వచ్చే మనుషుల్ని చూసి జనం కిటికీల్లోంచి దూకి పారిపోయేవారట. తర్వాత పిస్తోలు మానేసి, మూకుడులో పొడి పోసి వెలిగించడం మొదలుపెట్టాడు రీస్. ఒకసారి గుడ్డివాళ్లు ఉండే గదిలో ఫొటో తీస్తే, గోడకు వేలాడే కాగితాలకు, గుడ్డలకు నిప్పంటుకుంది. గదిలో ఉన్నవాళ్లకు చూపు లేదు, దిగడానికి వంకరటింకర మెట్లు. వణికిపోతూ తనే ఎలాగో మంటలు ఆర్పి, కిందికి వచ్చి వీధిలో ఉన్న పోలీసుకు చెప్పాడు. ఆ ఇల్లు ఎన్నిసార్లు అంటుకున్నా కాలదని, గోడల మీద మురికి అంత మందంగా ఉందని, అదే మంటను చంపేస్తుందని ఆ పోలీసు నవ్వాడట.

1888 మొదట్లో తనకంటూ ఒక కెమెరా కొనుక్కున్నాడు. ఫిల్ముకు బదులు నాలుగు అంగుళాలకు ఐదు అంగుళాల గాజు పలకలు పట్టే చెక్క పెట్టె, దానికి కావాల్సిన సరంజామా, అంతా కలిపి 25 డాలర్లు. చెయ్యి తిప్పుకోవడానికి మొదట వెళ్లింది అనాథ శవాలను పాతే పోటర్స్ ఫీల్డ్‌కు. అక్కడ ఒక ఫొటో తీసి, ఆ పలకను తీసుకెళ్లి తీయని పలకల్లో కలిపేశాడు. ఏది తీసిందో ఏది తీయనిదో తెలియక డజను పలకలూ డెవలప్ చేయాల్సొచ్చింది. తీరా చూస్తే ఆ ఒక్కటీ వెలుగు ఎక్కువై నల్లగా వచ్చింది. ఈ పొరపాటు చేయని ఫొటోగ్రాఫర్ ఉంటాడని నేననుకోను. నేను ట్రైనింగ్‌లో ఉండగా లోడ్ చేయని కెమెరాతో ఒక మంత్రి సభంతా తీసి వచ్చాను. ఆ రాత్రి పడిన టెన్షన్ ఇప్పటికీ కడుపులో తెలుస్తుంది. రీస్ మాత్రం ఆ నల్ల పలకను పారేయలేదు. గాజు మీది బొమ్మను దీపం వెలుగుతో పెద్దది చేసి చూపే మ్యాజిక్ లాంతరుతో తెర మీద వేసి చూపించినప్పుడు ఆ నలుపే దాని బలమైందని రాశాడు.

ఊరూరా చర్చిల్లో, హాళ్లలో లాంతరు స్లైడ్లు వేసి మాట్లాడేవాడు. ఫొటోను ఫొటోలా అచ్చువేయడం పత్రికలకు అప్పటికింకా పట్టుబడలేదు. 1888 ఫిబ్రవరి 12న 'ది సన్' పత్రిక అతని ఫొటోలు 12 వేసింది కానీ, చిత్రకారుడితో గీతల బొమ్మలుగా గీయించి వేసింది. 1890లో పుస్తకం వచ్చింది. అందులో కొన్ని హాఫ్‌టోన్‌లో, అంటే ఫొటోను సన్న చుక్కలుగా మార్చి అచ్చువేసే పద్ధతిలో వేశారు, మసకమసకగా. మిగతావి గీతల బొమ్మలే. అంటే ఆ మనిషి తీసిన ఫొటోలను ఆ కాలపు జనం అసలు రూపంలో చూడలేదన్నమాట, లాంతరు ముందు కూర్చున్నవాళ్లు తప్ప.

అయినా పని జరిగింది. 1891లో నగరానికి తాగునీరు వచ్చే క్రోటన్ పరీవాహక ప్రాంతమంతా కెమెరాతో తిరిగి, వాగుల్లోకి మురుగు వదులుతున్న చోట్లన్నీ ఫొటోలు తీసి పేపర్లో వేశాడు. ఆ నీటిని కాపాడటానికి నగరం చుట్టుపక్కల భూములు కొనాల్సొచ్చింది. మల్బరీ వంపులోని అద్దె కొంపలు కూలగొట్టి అక్కడ పార్కు వేశారు, 1897లో తెరిచారు. ఆ ప్రారంభ సభకు అతనికి పిలుపు లేదు. జనంలో నిలబడి చూశాడు.

ఇక అతని తప్పుల గురించి కూడా చెప్పాలి. చెప్పకపోతే ఈ ఉత్తరానికి విలువ ఉండదు. అర్ధరాత్రి పేదవాడి గది తలుపు తోసుకుని, అడగకుండా, కళ్లు మిరుమిట్లు గొలిపే మంట పేల్చి ఫొటో తీయడం ఏం మర్యాద? అదే పని ధనవంతుడి ఇంట్లో చేయగలడా? కొన్ని ఫొటోల్లో మనుషుల్ని కావాలని అలా కూర్చోబెట్టాడు. వీధిపిల్లలు నిద్రపోతున్నట్టున్న ఫొటోలో పిల్లలు నవ్వు ఆపుకుంటున్నట్టు నాకు కనపడుతుంది. చైనావాళ్ల గురించి, యూదుల గురించి, ఇటాలియన్ల గురించి అతని పుస్తకంలో ఉన్న మాటలు చదివితే మనసు చివుక్కుమంటుంది. తనే ఆకలితో, గెంటివేతలతో వచ్చిన వలసదారు అయ్యుండి, తన తర్వాత వచ్చిన వలసదారుల గురించి అంత తేలిగ్గా ఎలా రాశాడో నాకు అర్థం కాదు. ఆ ఫొటోలు ఆ మాటల కంటే దయగా ఉన్నాయి. అది నా నమ్మకం.

తలుపు తోసే విషయంలో అతన్ని అనే హక్కు నాకు పెద్దగా లేదు. చాలా ఏళ్ల క్రితం ఒక బస్సు ప్రమాదం తర్వాత ఆసుపత్రి వార్డులోకి కెమెరాతో వెళ్లాను. నేల మీద చాప వేసుకుని కొడుకు పక్కన కూర్చున్న ఒక తల్లి ఉంది. నేను అడగలేదు, ఫ్లాష్ కొట్టాను. ఆమె ఉలిక్కిపడి, తర్వాత కొంగు సర్దుకుని, "ఏ పేపర్లో వస్తది బాబూ?" అని అడిగింది. చెప్పాను. మర్నాడు మొదటి పేజీలో నాలుగు కాలమ్‌లు వచ్చింది. కింద 'ఆసుపత్రిలో బాధితులు' అని ఉంది. ఆమె పేరు నేను రాసుకోలేదు. ఆ పేజీ ఆమె ఎవరికైనా చూపించి ఇది నేనే అంటే, ఆ పేపర్లో దానికి ఏ ఆధారమూ లేదు.

రీస్ కొందరి పేర్లు రాసుకున్నాడు. అందులో ఒక పాప ఉంది, కేటీ. వెస్ట్ 52వ వీధిలో పేదపిల్లల కోసం నడిపే పనిబడిలో చదివేది, తొమ్మిదేళ్లు. తల్లి పోయింది, తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. అన్నలూ అక్కా పనికి వెళితే ఇల్లు మొత్తం తనే చూసుకునేది. నువ్వేం పని చేస్తావని రీస్ అడిగితే, నేల తోముతానంది. ఇంగ్లిష్‌లో రెండే మాటలు, అదీ వ్యాకరణం సరిగ్గా లేకుండా. ఆ రెండు మాటల్నే అతను అలాగే ఆ ఫొటోకు పేరుగా పెట్టాడు. ఇటుక గోడ ముందు నిటారుగా నిలబడి, ముభావంగా కెమెరా కేసి చూస్తుంది ఆ పాప. వందేళ్లు దాటాక నేను ఆమెను 'కేటీ' అని పిలవగలుగుతున్నాను. అది అతను నోట్ చేసుకోబట్టే.

ఇప్పుడు ఆ పలకల సంగతి. ఫొటోలు తీసింది మొత్తం మీద కొన్నేళ్లే. ఆ తర్వాత కెమెరా పక్కన పెట్టేశాడు. తనను తాను ఫొటోగ్రాఫర్ అనుకోలేదు, రుజువు కోసం తీశానన్నాడు. 1914లో మసాచుసెట్స్‌లోని బ్యారీ ఊళ్లో చనిపోయాడు. సమాధి మీద ఒక గ్రానైట్ బండ ఉంది, దాని మీద పేరు లేదు. గాజు పలకలు మాత్రం రిచ్‌మండ్ హిల్‌లోని పాత ఇంటి అటక మీదే ఉండిపోయాయి. మూడు దశాబ్దాలు ఎవరూ అడగలేదు.

అడిగినవాడు ఇంకో వలస ఫొటోగ్రాఫర్. అలెగ్జాండర్ అలండ్. నల్లసముద్రం ఒడ్డున సెవస్తపోల్‌లో 1902లో పుట్టి, రష్యా విప్లవం రోజుల్లో ఊరు విడిచి, ఇస్తాంబుల్ మీదుగా 1923లో అమెరికా చేరాడు. న్యూయార్క్‌లో రకరకాల దేశాల నుంచి వచ్చి బతుకుతున్నవాళ్ల ఫొటోలు తీసేవాడు. రీస్ పాత పుస్తకం చేతికొస్తే అందులోని మసక బొమ్మల వెనక మంచి నెగెటివ్‌లు ఉండి ఉంటాయని పసిగట్టాడు. ఫొటోగ్రాఫర్ కన్ను అది. ఎక్కడెక్కడో వాకబు చేసి, చివరికి రీస్ కొడుకును పట్టుకున్నాడు. వెతగ్గా వెతగ్గా అటక మీది పెట్టె బయటపడింది. 400కు పైగా గాజు నెగెటివ్‌లు, వాటితోపాటు లాంతరు స్లైడ్లు. 1946లో కొడుకు వాటిని మ్యూజియం ఆఫ్ ద సిటీ ఆఫ్ న్యూయార్క్‌కు ఇచ్చాడు. అలండ్ తన డార్క్‌రూమ్‌లో ప్రింట్లు వేశాడు. 1947లో ఆ ప్రింట్లతోనే మ్యూజియం ప్రదర్శన పెట్టింది. రీస్ చనిపోయిన 33 ఏళ్లకు జనం ఆ ఫొటోలను ఫొటోలుగా చూశారు. 2015లో మళ్లీ ఇదే మ్యూజియం, రీస్ కాగితాలు దాచిన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌తో కలిసి, పెద్ద ప్రదర్శన పెట్టింది.

ఆ మొదటి ప్రింటు ట్రేలో తేలుతూ వచ్చిన క్షణం నేను ఊహించుకోగలను. ఎర్ర లైటు కింద, డెవలపర్‌లో తెల్ల కాగితం ఊపుతుంటే ముందు నీడలు వస్తాయి. తర్వాత కళ్లు వస్తాయి. ఎప్పుడూ కళ్లు కాస్త ముందే వస్తాయి. అరవై ఏళ్ల కిందట అర్ధరాత్రి ఉలిక్కిపడిన ఆ మొహాలు అలండ్ ముందు ఒక్కొక్కటే మళ్లీ లేచి ఉంటాయి. పక్కనే హైపో వాసన, ప్రింటు చెరగకుండా నిలిపే మందు అది.

ఇంకొక సంగతి. మల్బరీ స్ట్రీట్ సందులో టోపీలు పెట్టుకుని నిలబడ్డ మనుషుల ఫొటో ఒకటి చాలా ప్రసిద్ధం, రీస్ పేరు మీదే చలామణి అవుతుంది. దాన్ని తీసింది వెంట వెళ్లిన లారెన్స్, పిఫార్డ్‌లని పరిశోధకులు చెబుతున్నారు. ఎవరి పని ఎవరిదో నూరేళ్ల తర్వాత కూడా వెతికి సరిచేస్తున్నారు ఇక్కడ. అది నాకు చాలా నచ్చింది.

మన దగ్గర ఏం జరిగిందో చెబితే మీరు నొచ్చుకోవద్దు. నేను పనిచేసిన పత్రిక పేరు చెప్పను. ఆఫీసు కొత్త భవనంలోకి మారేటప్పుడు నెగెటివ్‌ల అట్టపెట్టెలు పెద్ద వరసలో వరండాలో పెట్టారు. వాటిని ఎక్కడ పెట్టాలని ఎవరినో అడిగారు, జాగా లేదన్నారు. ఫిల్ములోంచి వెండి తీసేవాళ్లు వచ్చి కాటా పెట్టి తూకానికి తీసుకెళ్లారు. నేను ఆ రోజు డ్యూటీ మీద వేరే ఊళ్లో ఉన్నాను. వచ్చేసరికి వరండా ఖాళీ. తుఫాన్లు, ఎన్నికలు, కూలీల సమ్మెలు, మూతపడిన మిల్లుల గేట్లు, అన్నీ కిలోల లెక్కన పోయాయి. నావే కాదు, నాకంటే ముందు పనిచేసిన ముగ్గురివి కూడా. ఆ ముగ్గురిలో ఇద్దరు ఇప్పుడు లేరు.

నా దగ్గర మిగిలింది ఒక నోట్‌బుక్. రోల్ నంబరు, తేదీ, ఫ్రేము నంబరు, ఏం తీశానో ఒక ముక్క. ఇక్కడికి వచ్చేటప్పుడు సూట్‌కేసులో పెట్టుకుని తెచ్చుకున్నాను. మా అమ్మాయి అడిగింది, ఇదెందుకు నాన్నా అని. రోల్ 214, ఫ్రేము 11, పడవలో దూడను పట్టుకున్న ముసలాయన. ఫ్రేము 12, అదే, దగ్గరగా. అలా పేజీలకు పేజీలు. రీస్‌వి పలకలు మిగిలాయి, చాలామంది పేర్లు మిగల్లేదు. నాకు రాతలు మిగిలాయి, ఫొటోలు లేవు. ఏ ఒక్కటి లేకపోయినా రెండోది కుంటిదే.

పోయిన నెల మా అమ్మాయితో కలిసి మల్బరీ వంపులో వేసిన ఆ పార్కుకు వెళ్లాను. ఇప్పుడు దాని పేరు కొలంబస్ పార్కు. ఒకవైపు బయార్డ్ స్ట్రీట్, ఒకవైపు మల్బరీ. వీధి వంపు ఇప్పటికీ అలాగే ఉంది, పాత ఫొటోలో ఎలా తిరుగుతుందో అలాగే. చుట్టూ చైనాటౌన్. బల్లల దగ్గర చైనా పెద్దలు పేకాట, చదరంగం ఆడుతున్నారు. ఒకాయన రెండు తీగల వాద్యం వాయిస్తున్నాడు. రీస్ ఎవరి గురించి అంత కటువుగా రాశాడో వాళ్ల మనవలు, మునిమనవల కాలంలో వాళ్లవాళ్లే ఆ నీడలో కూర్చున్నారు, అతను కొట్లాడి తెచ్చిన పార్కులో. నేను ఫోన్ తీశాను. ముందు ఆ వాద్యం వాయిస్తున్న పెద్దాయన కేసి చూసి చేత్తో సైగ చేసి అడిగాను. ఆయన తల ఊపాడు. పేరు కూడా అడిగాను. మా అమ్మాయి రాసుకుంది.

సంపాదకుల వారూ, నేను అడిగేది పెద్దదేమీ కాదు. 'ఫైల్ ఫొటో' అన్న మాట ఎప్పుడు వేసినా, ఆ ఫైలులో ఏముందో ఒకసారి తెరిచి చూడమనండి. తీసినవారి పేరు, చోటు, ఏడాది తెలిస్తే వేయండి. తెలియకపోతే తెలియదని వేయండి, అది కూడా సమాచారమే. మీ స్ట్రింగర్లు వానలో తడుస్తూ పంపే ఫొటోల కింద వాళ్ల పేరు వేయండి. ఫొటోలో మనిషి కనపడితే ఆ మనిషి పేరు అడగమని కొత్త కుర్రాళ్లకు మొదటి రోజే చెప్పండి. మీ ఆఫీసులో పాత నెగెటివ్‌ల పెట్టెలు ఇంకా ఎక్కడైనా ఉంటే, కాటా మనిషి రాకముందే ఒక్క బీరువా కేటాయించండి. స్కానింగ్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు వాటికి చెమ్మ తగలకుండా చూడండి. ఆ పనికి ఎవరూ లేరంటే నాకు రాయండి. డిసెంబర్‌లో తిరిగి వస్తున్నాను. వారానికి మూడు రోజులు వచ్చి కూర్చుంటాను, జీతం అక్కర్లేదు. పెట్టె తెరిస్తే ఏది ఏ కాలపు ఫిల్మో వాసన చూసి చెప్పగలను.

ఆగస్టు 19 నాటి ఫొటోకు సవరణ వేస్తారని ఆశిస్తున్నాను. మీకు శ్రమ లేకుండా ఆ లైను నేనే రాసి పంపుతున్నాను. కింద ఉన్నది ఉన్నట్టు వేయండి:

బయార్డ్ స్ట్రీట్, న్యూయార్క్, 1889. చోటుకు ఐదు సెంట్ల లెక్కన అద్దెకిచ్చిన గదిలో అర్ధరాత్రి దాటాక నిద్రపోతున్నవారు. ఫొటో: జేకబ్ రీస్. మ్యూజియం ఆఫ్ ద సిటీ ఆఫ్ న్యూయార్క్ భద్రపరిచింది. గదిలో ఉన్న 12 మంది పేర్లు ఎవరూ రాసుకోలేదు.

భవదీయుడు,
మీ పాఠకుడు, విశ్రాంత పత్రికా ఫొటోగ్రాఫర్
క్వీన్స్, న్యూయార్క్